మామిడి రకముల తారతమ్యము: పూతను, పండును పోల్చి చూచు విధము

తొలకరి నాటికి మామిడి అంట్లు కావలెనని కోరు రైతులు మన జిల్లాలలో నేటేట పెరుగుచున్నారు. ఏ యూర విచారించినను, ఏ సంఘమున కోరికచీట్లు తిరగవేసినను, కనబడు పేరొక్కటే: బేనిషాను. ఎకరమునకు నలువది అంట్లు నాటువాడు నలువదియు బేనిషానే కోరును. పొరుగువాని తోటయు బేనిషానే, పొరుగూరి తోటయు బేనిషానే.

బేనిషాను మంచి రకము కాదని చెప్పుటకు మే మీ పాఠమును వ్రాయుటలేదు. మన నేలకు తగిన రకములలో దానిని మించినది లేదనియే మా యభిప్రాయము. కాని పత్తి విత్తనము నచ్చనిచో మరుసటి యేడు మార్చుకొందుము. మక్క నచ్చనిచో రెండు కార్లు చూచి విడిచెదము. మామిడి యట్టిది గాదు. నేడు నాటిన యంటు నాలుగవ యేటనో యైదవ యేటనో తొలికాపు చూపి, పిమ్మట ముప్పది నలువది యేండ్లు నిలుచును. అట్టి వృక్షమును పండు రుచిని మాత్రమే తలచుకొని యెన్నుకొనుట పెండ్లిలో వంట బాగుగనున్నదని సంబంధము కుదుర్చుకొనుట వంటిది. పండునకు ముందు పూత యున్నది. రకమునకును రకమునకును పండులో నెంత భేదమున్నదో, పూతలో నంత భేదమున్నది. ఆ భేదమును తెలిసికొన్న రైతు తన తోటనంతయు నొక్క రకముతో నింపడు.

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో పలు జిల్లాలుగా విడివడినవి గాని నేలయు గాలియు మునుపటివే. గోదావరికి దక్షిణమున జగిత్యాల ప్రాంతము, రాయికల్లు, మల్యాల, సారంగాపురము మొదలగు చోట్ల తోటలు దట్టముగా నున్నవి. జగిత్యాలకు చేరువనున్న చెల్‌గల్ మామిడి విపణికి వేసవిలో ఢిల్లీ మొదలగు ఉత్తరదేశపు వర్తకులు వచ్చి లారీలు నింపుకొని పోవుదురు. గోదావరికి ఉత్తరమున మంచిర్యాల వైపు నెన్నెల, భీమారము, చెన్నూరు ప్రాంతములు మామిడికి పేరొందినవి. ఇంకను పైకి ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు పోయినకొలది తోటలు పలుచబడును, చలి హెచ్చును.

ఈ చలి మాట కొంత విప్పి చెప్పవలెను. మామిడి పూయుటకు చలియు, పొడి వాతావరణమును కావలెను. వానలు వెనుదిరిగిన పిమ్మట రాత్రులు చల్లబడగా, కొమ్మల చివరి మొగ్గలు ఆకుమొగ్గలుగా పోక పూమొగ్గలుగా మారును. కావున చలి మనకు మిత్రమే. కాని తెలంగాణమంతటిలో నధికమైన చలి ఆదిలాబాదు జిల్లాలోనే పడును. పుష్యమాసమున రాత్రి వేడిమి 10 డిగ్రీలకు దిగువకు పోవుట అచ్చట వింత గాదు. పూగుత్తి యెదుగుచున్న దినములలో నట్టి చలి తగిలిన రెండు నష్టములు కలుగును. మొదటిది, గుత్తిలో పిందెగట్టగల పువ్వులు తగ్గి మగపువ్వులు హెచ్చును. రెండవది, పుప్పొడి సత్తువ చెడును. సత్తువ గల పుప్పొడి పడినను అది త్వరగా మొలకెత్తదు. డిసెంబరులోనే వచ్చిన తొలిపూతను చూచి సంతోషించిన రైతు ఫిబ్రవరిలో చెట్టుక్రింద నిలిచి, పూత యంత వచ్చెను, పిందె యేదీ యని విస్తుపోవుటకు గల కారణములలో నిది యొకటి. జనవరి చివర, చలి విరుగుచుండగా వచ్చు పూతలో పిందెపువ్వుల పాలు సాధారణముగా నధికము.

ఇక పువ్వును చదువు విధము. ఇది పండితులకే చెల్లు విద్య గాదు. కన్నును, నొక చిన్న భూతద్దమును చాలును. పూగుత్తినుండి ఆ దినము విచ్చిన పువ్వు నొకదానిని త్రుంచి యరచేత నుంచుకొనుడు. రేకులు సాధారణముగా నైదు. పువ్వు నడుమ పళ్లెమువంటి దిమ్మె యొకటి యుండును. ఆ దిమ్మె నడుమ ఆవగింజకంటె చిన్నదగు పసుపుపచ్చని గుండు కనబడి, దాని ప్రక్కనుండి వంగిన సన్నని కాడ లేచియున్నచో నది మిథునపుష్పము, అనగా పిందెగట్టగల పువ్వు. ఆ గుండే రేపటి పిందె. గుండు లేక, గులాబిరంగు తలగల కేసర మొక్కటే నిలిచియున్నచో నది మగపువ్వు. దాని పని పుప్పొడి నిచ్చి రాలిపోవుటయే. ఈ రెండు జాతుల పువ్వులును ఒకే గుత్తిలో కలసియుండును. దూరమునుండి చూచువానికి భేదము తెలియదు.

ఒక గుత్తిలో వేయి పువ్వులకు తక్కువ లేకుండుట సామాన్యము. కొన్ని రకములలో నవి యైదారువేలవరకు నుండును. వీనిలో మిథునపుష్పములెన్ని యన్నది రకమునుబట్టి యెంత మారునో చూడుడు. మనదేశమున జరిగిన పరిశీలనలలో రుమానీ యను దక్షిణదేశపు రకమున నూటికొక పువ్వైనను మిథునపుష్పము లేదని తేలినది. ఉత్తరదేశపు లంగ్రాలో నూటికి డెబ్బది దాపున నున్నవి. తక్కిన రకములు ఈ రెంటి నడుమ నున్నవి. పూత బరువునకు కొమ్మ వంగినంత మాత్రమున కాపు వంగునని తలచుట యెంత పొరపాటో దీనివలన స్పష్టము. మిథునపుష్పములలో సైతము కాయయై నిలుచునవి వేయింటికొకటియు నరుదు. గుత్తికొక కాయ నిలిచిన చాలు, చెట్టు నిండును. అయినను ఆ యొక్క కాయయు నిలువవలెనన్న నెన్ని పువ్వులు కావలెనో గ్రహింపుడు.

పోల్చి చూడగోరు రైతు చేయవలసినది యిది. ఒక్కొక్క రకమున మూడు చెట్లను, సమవయస్సు గలవానిని, ఎన్నుకొనవలెను. ప్రతి చెట్టునకును నాలుగు దిక్కుల నొక్కొక్క గుత్తిని గుర్తించి రంగుదారము కట్టవలెను. గుత్తులు సగము విచ్చిన దినమున, వాని ప్రక్క గుత్తులనుండి మొదలు, నడుమ, కొన యనెడి మూడు భాగములనుండియు కలిపి నూరు పువ్వులు కోసి, మిథునపుష్పములను లెక్కించి వ్రాసికొనవలెను. కొనవైపు పువ్వులలో మిథునపుష్పములు హెచ్చు గనుక కొననుండియే కోసిన లెక్క తప్పును. వారము విడిచి వారము మూడు మారులు లెక్కించుట మేలు. దారము కట్టిన గుత్తులను మాత్రము కోయరాదు. వానిపై పిందెలు బఠానీగింజంత యున్నప్పుడొకసారి, గోలీలంత యున్నప్పుడొకసారి, కోతనాడొకసారి లెక్కింపవలెను. వీనికి తోడు తొలిపువ్వు విచ్చిన తేదీ, పూత నిండిన తేదీ, ముగిసిన తేదీ వ్రాయవలెను. ఈ తేదీలు అత్యంత ముఖ్యములు. ఎందుకో ముందు తెలియగలదు.

ఇందులో మరియొక లాభము కలదు. మన ప్రాంతమున పూత చూచి తోట గుత్తకిచ్చు వాడుక యున్నది. గుత్తదారుడు పది తోటలు చూచినవాడు. పూత రంగునుబట్టి, బిగువునుబట్టి లోలోన లెక్కగట్టుకొనును. రైతు పూత విస్తారమును చూపి ధర యడుగును. గుత్తదారుడు తేనెమంచును, మబ్బులను చూపి ధర తగ్గించును. నూటికెన్ని పిందెపువ్వులున్నవో, గడచిన మూడేండ్లలో ఏ రకము గుత్తికెన్ని కాయలు నిలిపినదో కాగితముపై చూపగల రైతుతో బేరము వేరొక విధముగా సాగును. పిందె గోలీలంత యగువరకు ఆగగలిగినవాడు ఆగుటయే లాభమని మా తలంపు. అప్పుల యొత్తిడివలన ఆగలేకపోవుట వేరు విషయము. దానికి సహకార పరపతియే మందు.

పువ్వులను గూర్చిన యీ విచారము మన మామిడికే పరిమితమైనది గాదు. చలిదేశములలో పండు తీపి చెర్రీని చూడుడు. కాశ్మీరమునను, హిమాచలమునను పండించు ఎఱ్ఱని చిన్న పండది. శీతకాలమున వందల గంటలు గడ్డకట్టుటకు సమీపమైన చలి లేనిచో నది పూయదు గనుక మన గడ్డకు రాదు. దాని పువ్వులన్నియు మిథునపుష్పములే. అయినను హెచ్చు రకములలో తన పుప్పొడి తనకు పనిచేయదు. అదే రకపు మరియొక చెట్టు పుప్పొడియు పనిచేయదు, ఏలయన అంట్లన్నియు నొక్క చెట్టు ముక్కలే గదా! అమెరికాలోని ఒరెగాను రాష్ట్రమున బింగ్, లాంబర్ట్, నెపోలియన్ అను మూడు మేలిరకములను కలిపి నాటినవారికి గూడ నాశాభంగమే కలిగినది. 1910వ దశకమున నచ్చటి శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఈ మూడును ఒకదానికొకటి పనికిరావనియు, నాలుగవదానిని చేర్చిననే పండుననియు కనుగొనిరి. తన పుప్పొడితో తానే పండు స్టెల్లా యను తీపి చెర్రీ 1968లో కెనడాలో వెలువడువరకు చెర్రీ తోటవానికి తోడురకము లేక గతిలేకుండెను. అందువలన వారు రకములను పోల్చునపుడు ఏది తీపి, ఏది గట్టి యని చూచుటతో నాగక, ఏది యెప్పుడు పూయును, ఏది దేనికి తోడగును అని పట్టికలు వ్రాసికొందురు.

మామిడిలో నిట్టి స్వభావము దశేరీయందు స్పష్టముగా నున్నది. లంగ్రా, చౌసాలయందును కలదు. దశేరీ పువ్వుపై దశేరీ పుప్పొడి పడిన మొదట పిందె పొడసూపును. రైతు చూచి సంతసించును. కాని లోపల బీజము పెరుగక చచ్చును, పిందె రాలిపోవును. కొన్నిచోట్ల గుత్తి కొనయందు ముదురాకుపచ్చని చిన్న పిందెలు గుంపులుగా నిలిచి, గోలీలంతయై యక్కడనే యాగి, పిమ్మట రాలును. వాని లోపల గింజ యుండదు. ఉత్తరదేశపు రైతులు దీనిని ఝుమ్కా యందురు. చెవిజూకాలవలె వ్రేలాడునని యా పేరు. దీనికి ఎరువులు వేయుట, మందులు చల్లుట విరుగుడు గాదు. తోటంతయు నొక్క రకముండుట, పూతవేళ తీవ్రమైన చలి, పుప్పొడి మోయు ఈగలు తేనెటీగలు లేకుండుట, ఇవియే దీని మూలములు. తోటలో నూటికి ఐదారైనను వేరు రకపు చెట్లుండవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుట యిందుకే. బేనిషాను దశేరీయంత పంతముగలది గాదు. ఒంటరి బేనిషాను తోటలు మనయెదుట కాయుచునే యున్నవి. అయినను అన్యరకపు పుప్పొడి దొరికినచోట మామిడి పిందె హెచ్చుగ నిలుచుట సాధారణ ధర్మము.

మామిడి పుప్పొడి బంకగలది. గాలికి కొట్టుకొని పోవునది గాదు. దానిని మోయువారిలో తేనెటీగలకంటె ఈగజాతులదే పెద్దచేయి. మనము రోతపడు ఇంటి యీగయు, పచ్చని దొడ్డియీగయు మామిడిపూతకు కూలియడుగని పనివారు. తైవాను ద్వీపపు రైతులు పూతవేళ తోటలో కుళ్లిన చేపలుంచి ఈగలను పిలుతురు! మన కంతపని యక్కరలేదు. పెంటకుప్ప తోటగట్టున నున్న చాలును. పూత నిండియుండగా పురుగుమందు చల్లకుండిన చాలును. తేనెమంచు పురుగునకు మందు చల్లవలసిన సమయములు రెండు: గుత్తి మొలకెత్తు దశ, పిందె బఠానీగింజంత యగు దశ. బూడిద తెగులునకు నీటిలో కరగు గంధకమును లీటరునకు 3 గ్రాముల చొప్పున గుత్తి విచ్చకమునుపే చల్లుకొనవలెను. నిండుపూతపై పొరుగువాడు చల్లుచున్నాడని మనమును చల్లుట పురుగుతోబాటు పిందెను గూడ చంపుకొనుటయే.

ఇప్పుడు రకముల మాట. బేనిషాను, అనగా మచ్చలేనిది, బంగినపల్లి యనియు పిలువబడునది, కర్నూలు సీమలోని ఆ సంస్థానపు పేర ప్రసిద్ధమై 2017లో భౌగోళిక గుర్తింపు బడసినది. పండు పెద్దది, సాధారణముగా మూడువందల యేబది గ్రాములనుండి అయిదువందల పైవరకు తూగును. పలుచని నునుపైన తొక్క, మాగినపిదప బంగారువన్నె, పీచులేని గట్టికండ, మితమైన పులుపు. దూరప్రయాణమున కోర్చును, ఢిల్లీ వర్తకుడు మన యూరికి వచ్చుట కీ గుణమే హేతువు. దోషము లేకపోలేదు. ఏడాది విడిచి ఏడాది కాయు గుణము దీనియందు కొంత యున్నది. వడగండ్లు తగిలిన కాయ నునుపుతొక్కపై మచ్చపడి, పేరులోని గుణమునే పోగొట్టుకొని సగము ధరకు దిగును. 2023 మార్చి నడుమ కురిసిన వడగండ్ల వాన మన ప్రాంతపు రైతులకు గుర్తుండియే యుండును. పిందెదశ యంతయు నొక్కమారే వచ్చిన తోటలో నట్టి దినమున దాచుకొనుటకేమియు మిగులదు. వేరువేరు కాలముల పూచి కాయు రకములున్నచోట నష్టమునకు కొంత యడ్డుపడును.

దశేరీ లక్నో సమీపపు కాకోరీ దగ్గరి దశేరీ గ్రామమున పుట్టినది. చిన్నదియు పొడవైనదియునగు పండు, తీపిలో బేనిషానును మించును, పరిమళము ప్రత్యేకము. దాని పుట్టినింట పండు జూను నాటికి గాని రాదు; మన యెండలకు మే మాసముననే వచ్చును. ఉత్తరదేశపువారికి తమ పండు రాకమునుపే తమ రుచి దొరకును గనుక మన దశేరీకి యక్కడ గిరాకి గలదు. అయితే పైన చెప్పిన పువ్వు స్వభావమును మరువరాదు. దశేరీని ఒంటరిగా నాటరాదు. ఏడాది విడిచి ఏడాది కాయుటయు దీనికి ముదిరిన యలవాటు.

తోతాపురిని మనవారు చులకన చేయుదురు. ముక్కు వంగిన కాయ, మాగినను రుచి యంతమాత్రమే, నిజమే. కాని కాపులో నియమముగలది. దాదాపు ప్రతియేడును కాయును, గెలలుగా కాయును. రసము తీయు కార్మాగారములకు కావలసినది కండయు కాపును గాని పరిమళము గాదు. తోడురకముగా దీనికి మంచిపేరున్నది. పచ్చికాయగా నమ్మినను డబ్బు వచ్చును. పది బేనిషానుల నడుమ నొక తోతాపురి యుండుట పెద్దయింట పనిమంతుడైన పాలేరు ఉండుటవంటిదని మా అభిప్రాయము.

హిమాయతు రుచికి రాజు. ఒక పండు తిన్నవాడు మరి యడుగును. కాని చెట్టు మొండికాపుది, తొక్క పలుచనిది, నిలువయుండదు. ఇంటికొరకు, బంధువులకొరకు, పట్టణమున తెలిసిన గిరాకి గలవాని కొరకు రెండు చెట్లు చాలును. నీలము కడపటి కాలపు రకము. ప్రతియేడు కాయును, నిలువకు గట్టిది, కాని టెంకపురుగు బెడద దానికి హెచ్చు. కేసరు గుజరాతు దేశపు జునాగఢునందు 1934లో నవాబుగారిచే నా పేరు పొందినదని చెప్పుదురు. కండ కుంకుమపువ్వు వన్నె. మనవారు కొందరు నాటి చూచుచున్నారు.

నీలము చెట్టు గొప్పదనము దాని పండుకంటె దాని సంతానమునందే యెక్కువ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు నీలమును దశేరీతో కలిపి మల్లికను, దశేరీని నీలముతో కలిపి ఆమ్రపాలిని 1970వ దశకమున వెలువరించిరి. దశేరీ తీపియు నీలము నియమమును కలియవలెనని వారి యుద్దేశము. మల్లిక పండు పెద్దది. ఆమ్రపాలి చెట్టు పొట్టిది. రెండున్నర మీటర్ల యెడముతో హెక్టారునకు 1600 వరకు నాటవచ్చును. కొంచెము నేలగల రైతునకు, పెరటికి తగినది. సంగారెడ్డి ఫల పరిశోధన స్థానమున రుమానీని నీలముతో కలిపి తీసిన మంజీర గూడ పొట్టిచెట్టే, నియమముగ కాయునదే. ఇవియన్నియు బాగుగనున్నవి గాని యొక హెచ్చరిక: మల్లికయు ఆమ్రపాలియు ఆలస్యముగ పక్వమునకు వచ్చును. మృగశిర వానలు పడిన పిదప పండు ఈగ విజృంభించును. వానకు ముందే కోయలేనిచో చూచుటకు బాగుగనున్న పండు కోయగా పురుగే కనబడును. ఎర వేసిన బుట్టలు కట్టు శ్రద్ధ గలవారే వీనిని హెచ్చుగ నాటవలెను.

పండును పోల్చుటయందు నాలుక యొక్కదానినే నమ్మరాదు. మొదట పోల్చదగినవానిని పోల్చవలెను: ఒకటి ముదురు, ఒకటి లేత యైనచో తీర్పు వ్యర్థము. కాయ భుజములు తొడిమకంటె పైకి లేచి, తొడిమచోట చిన్నగుంట పడినప్పుడు పరువునకు వచ్చినదనుకొనవచ్చును. బకెటు నీటిలో వేసిన మునుగు కాయ ముదిరినది. తేలునది యింకను లేత. కోయునపుడు వ్రేలి గోరంత తొడిమ నుంచి కోసి, బోర్లించి సొన కారనీయవలెను. సొన తగిలిన తొక్క నల్లబడి, తప్పు రకముపై పడును.

ఒక్కొక్క రకమున పది కాయలు తీసి, తూచి, గడ్డిలో మాగవేయుడు. మాగుటకెన్ని దినములు పట్టినది, మాగిన పిదప నెన్ని దినములు నిలిచినది వ్రాయుడు. తరువాత తొక్కను, టెంకను వేరుగ తూచుడు. పది పండ్లు 4 కిలోలు తూగి, తొక్కయు టెంకయు కలిపి కిలో 200 గ్రాములైనవనుకొందము. కండ 2 కిలోల 800 గ్రాములు, అనగా నూటికి డెబ్బది పాళ్లు. పెద్దపండు గదా యని మురిసినవానికి టెంక తూకము కొంత జ్ఞానము నేర్పును. తీపిని కొలుచుటకు చేతిలో పట్టు చిన్న దుర్భిణివంటి పరికరము కలదు. రసపుచుక్క వేసి వెలుగువైపు చూచిన బ్రిక్సు డిగ్రీలు కనబడును. ఊరికొకటి సంఘము కొనియుంచిన చాలును. పులుపును, పీచును, వాసనను నలుగురు కూర్చుండి రుచి చూచి, ఎవరి మార్కులు వారు ఒకరికొకరు చూపక వేసి కలుపుడు. రకముల పేర్లు ముందుగ చెప్పరాదు. పేరు వినినచో నాలుక పక్షపాతియగును.

కార్బైడుతో మాగబెట్టిన పండ్లను ఈ పోలికలో చేర్చరాదు, అసలు చేయరాదు. 2011 ఆహారభద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. పైకి పసుపు వచ్చి లోన పులుపు మిగిలిన యట్టి పండువలన రకమునకు చెడ్డపేరు వచ్చును. పది లక్షల పాళ్ల గాలికి నూరు పాళ్లు మించని ఇథిలీను వాయువుతో మాగవేయు గదులకే యనుమతి కలదు.

ఇంతకును నాటునపుడు చేయవలసిన దేమి? పది మీటర్ల యెడమున ఎకరమునకు నలువది అంట్లు పట్టును. ప్రతి మూడవ వరుసలో ప్రతి మూడవ చెట్టు తోడురకమైనచో, ప్రతి ముఖ్యరకపు చెట్టునకును ఏదో యొక ప్రక్క తోడు దొరకును. అట్లు తోమ్మిదింటికొకటి, అనగా నలువదింట నాలుగైదు. వీనినన్నిటిని గట్టుమీద నొకమూల నాటిన ఈగ యంతదూరము వచ్చి పుప్పొడి మోయునని నమ్మరాదు. బేనిషాను తోటకు తోతాపురి రెండు, దశేరీ రెండు మేము సూచింతుము. దశేరీయే ముఖ్యమైన తోటకు బేనిషానును తోతాపురిని కలుపవలెను.

తోడురకమునకు కావలసిన మొదటి లక్షణము, ముఖ్యరకముతో నొకే కాలమున పూయుట. పండు ఆలస్యముగ వచ్చుటకును పూత ఆలస్యముగ వచ్చుటకును సంబంధము లేకపోవచ్చును. పిందెనుండి కోతవరకు పట్టు కాలము రకమురకమునకు మారును. మనము తేదీలు వ్రాయుడని చెప్పినది యిందుకే. మీ యూర నీ రెండు రకముల ముదురుచెట్లున్నచో, వచ్చు మాఘమున వాని పూత తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. కనీసము పదిదినములైనను రెండును కలసి విచ్చియుండవలెను. కలియనిచో నా రకము మీకు పండు నిచ్చునేగాని తోడుపని చేయదు. ఆదిలాబాదు వైపు చలిలో నీ తేదీలు జగిత్యాల తేదీలకు భిన్నముగ నుండవచ్చును గనుక ఒకచోటి పట్టికను మరియొకచోట వాడరాదు.

ఇదివరకే ఒంటరి బేనిషానుతోనో, ఒంటరి దశేరీతోనో నిండిన తోటగలవారు చెట్లు కొట్టనక్కరలేదు. వరుసకొక చెట్టున రెండు కొమ్మలను తలగొట్టి, కొత్తచిగురుపై తోడురకపు పుల్లతో అంటుగట్టిన మూడేండ్లలో నా కొమ్మలు పూయును. ఒకే చెట్టుపై రెండు రకములు కాయుట పిల్లలకు వింతగను నుండును. కోతనాడు కూలీలు తికమక పడకుండ నా కొమ్మకు సున్నపుగుర్తు పెట్టవలెను.

అంటు కొనునపుడు కట్టు గట్టిగ నతికినదో లేదో, కట్టుక్రింద నాటుచిగురు లేచినదో చూడుడు. నాటుచిగురే పెరిగి పెద్దదై పులుపుకాయ కాచిన తోటలు మన ప్రాంతమున లేకపోలేదు. రకపు చీటి ఎండకు వానకు చెరిగిపోవును గనుక నాటిననాడే తోటపటము గీసి, ఏ గుంటలో నేది నాటితిమో వ్రాసి, పట్టాపుస్తకముతోబాటు దాచవలెను. జగిత్యాల దగ్గర పొలాసయందలి పరిశోధన స్థానమువారిని, ఉద్యానశాఖవారిని అడిగి నేల పరీక్ష చేయించుకొన్న పిదపనే గుంటలు త్రవ్వుట మేలు. అంట్ల కొరకు సంఘమునకు వ్రాయువారు మొత్తము సంఖ్య నొక్కటే గాక, ముఖ్యరకము ఎన్ని, తోడురకము ఏది, అవి యెన్ని యని వేరువేరుగ వ్రాయవలయును.